కుటుంబ సౌకర్యాల ఖర్చు మన జీతంలోంచే పోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ చేతిలో రెండు ఆఫర్లు ఉన్నాయి. మొదటి సంస్థ సుమారు పది శాతం ఎక్కువ జీతం ఇస్తానంటోంది. చట్టప్రకారం ఇవ్వాల్సిన సెలవులు తప్ప అక్కడ ఇంకేమీ లేవు. రెండో సంస్థలో జీతం తక్కువ. అయితే పిల్లల సంరక్షణ కేంద్రం ఉంది, తల్లికీ తండ్రికీ జీతంతో కూడిన సెలవు ఉంది, వారంలో రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయవచ్చు. మీ పాపకు ఏడాది నిండింది. "ఈ సౌకర్యాల ఖర్చు నా జీతంలోంచి తీసి మళ్లీ నాకే ఇస్తున్నారా?" అని మీరు అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. కొంతవరకు అవును, కానీ మీరు వెతుకుతున్న చోట కాదు. చేరేటప్పుడు ఇచ్చే జీతంలో ఆ కోత చాలాసార్లు ఉండదు, ఉన్నా చిన్నదే. పెద్ద కోత తర్వాత పడుతుంది. సౌకర్యాన్ని వాడుకున్నవాళ్ల ఇంక్రిమెంట్లలో, ప్రమోషన్లలో, వాళ్లకు దక్కకుండా పోయిన మంచి ప్రాజెక్టుల్లో అది దాక్కుంటుంది. సౌకర్యం ఉన్నందుకు అందరూ కొద్దికొద్దిగా చెల్లిస్తారు, వాడుకున్నందుకు కొందరే భారీగా చెల్లిస్తారు. అందువల్ల ఆఫర్ లెటర్లలోని అంకెలను పోల్చి ఊరుకోకండి. రెండో సంస్థలో ఆ సౌకర్యాలు వాడుకున్నవాళ్లు రెండు మూడేళ్ల తర్వాత ఏ స్థాయిలో, ఏ జీతంలో ఉన్నారో తెలుసుకోండి.

నా వృత్తే జీతభత్యాల నిర్మాణం. వేతన శ్రేణులు తయారుచేయడం, ఏటా ఇంక్రిమెంట్ బడ్జెట్‌ను విభాగాలకు పంచడం, కొత్త సౌకర్యం పెట్టాలంటే దాని ఖర్చు లెక్కగట్టడం నా పని. చిన్న సంస్థల్లోనూ, చాలా పెద్ద సంస్థల్లోనూ ఈ పని చేశాను కాబట్టి లోపలి లెక్క ఎలా నడుస్తుందో చెబుతాను.

యజమాని దృష్టిలో జీతం, బీమా, సెలవు, సంరక్షణ కేంద్రం అద్దె అన్నీ ఒకే పద్దు. ఒక ఉద్యోగి మీద ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు ఎంత అన్నదే ఆయన చూస్తాడు. బడ్జెట్ సమావేశం మొదలయ్యేది కూడా "ఈ ఏడాది సిబ్బంది ఖర్చు ఇంతకు మించి పెరగకూడదు" అన్న మాటతోనే. కొత్త సౌకర్యం అందులో ఒక వాటా తీసుకుంటుంది, మిగిలింది ఇంక్రిమెంట్లకు వస్తుంది. ఒక సంస్థలో పిల్లల సంరక్షణ కేంద్రం తెరిచిన ఏడాది ఇంక్రిమెంట్ల మొత్తాన్ని అర శాతం తగ్గించారు. ఎవరి జీతమూ తగ్గలేదు, పెరగాల్సినంత పెరగలేదు. ఎవరికీ ఆ సంగతి తెలియలేదు, చెప్పనూ లేదు. నాకు అది సరిగా అనిపించలేదు. ఖర్చు అందరి మీదా పడటం తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు. తాము కూడా దానికి చెల్లిస్తున్నామని తెలిస్తేనే కదా మనుషులు ఆ సౌకర్యాన్ని హక్కుగా అడుగుతారు.

దీనికి ఆర్థికశాస్త్రంలో పాత వివరణ ఒకటి ఉంది. కష్టమైన పనికీ మురికి పనికీ కూలి ఎక్కువ ఇవ్వాల్సి వస్తుందని, సుఖంగా ఉండే పనికి తక్కువ కూలికే మనుషులు దొరుకుతారని ఆడమ్ స్మిత్ 1776లోనే రాశాడు. ఆ లెక్కన ఇంటికి దగ్గరగా ఉండనిచ్చే ఉద్యోగం, పిల్లల అవసరానికి వెసులుబాటు ఇచ్చే ఉద్యోగం సుఖమైన పని కిందికే వస్తాయి. మనుషులు నిజంగా దానికోసం జీతం వదులుకుంటారా? వదులుకుంటారు, కానీ ఒక్కొక్క వెసులుబాటుకు ఒక్కొక్క ధర. అలెగ్జాండర్ మాస్, అమాండా పలైస్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో ఒక కాల్ సెంటర్ నియామకాల్లో చేసిన ప్రయోగం 2017లో ప్రచురితమైంది. ఇంటి నుంచి పనిచేసే అవకాశం కోసం సగటున 8 శాతం జీతం వదులుకోవడానికి అభ్యర్థులు సిద్ధపడ్డారు. యజమాని ఇష్టానుసారం, ముందుగా చెప్పకుండా వేళలు మార్చే పనిని తప్పించుకోవడానికి 20 శాతం దాకా వదులుకుంటామన్నారు. చిన్నపిల్లల తల్లుల్లో ఈ కోరిక మరింత బలంగా కనిపించింది. రేపు ఎన్ని గంటలకు వెళ్లాలో తెలియకపోవడం ఇంటిని ఎంత అతలాకుతలం చేస్తుందో ఆ 20 శాతమే చెబుతోంది. మీ రెండు ఆఫర్లలోనూ వేళలు ఎవరి చేతిలో ఉన్నాయో తప్పక అడగండి. సంరక్షణ కేంద్రం కన్నా మీకు అదే ముఖ్యం కావచ్చు.

ప్రభుత్వం తప్పనిసరి చేసినప్పుడు ఈ బదిలీ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 1970ల మధ్యలో అమెరికాలోని కొన్ని రాష్ట్రాలు ఆరోగ్య బీమాలో ప్రసవ ఖర్చులను చేర్చాలని నిబంధన తెచ్చాయి. దాని ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్త జోనథన్ గ్రూబర్ 1994లో చెప్పింది ఏమిటంటే, ఆ ఖర్చులో అత్యధిక భాగం చివరికి పిల్లలను కనే వయసు స్త్రీల వేతనాల మీదికే వచ్చింది. చిలీలో ఇంకో నిబంధన ఉంది. ఇరవై మంది, అంతకుమించి స్త్రీలు పనిచేసే సంస్థ రెండేళ్లలోపు పిల్లల సంరక్షణ ఖర్చు భరించాలి. ఆ హద్దు దాటిన సంస్థల్లో కొత్తగా చేరిన స్త్రీల ప్రారంభ జీతాలు 9 నుంచి 20 శాతం తక్కువగా ఉన్నాయని 2015 నాటి ఒక పరిశోధన తేల్చింది. సౌకర్యం పిల్లలది, దాన్ని పెట్టిన చట్టం ఉద్దేశం మంచిది, భారం మాత్రం స్త్రీల మీద పడింది. పిల్లలు లేని స్త్రీల మీద కూడా.

ఇక్కడ తప్పు సౌకర్యానిది కాదు, డబ్బు ఎవరు కడతారన్న ఏర్పాటుది. లెక్కించేది స్త్రీలను మాత్రమే అయినప్పుడు, ఖర్చు ఒక్క యజమానే భరించాల్సి వచ్చినప్పుడు, ప్రతి స్త్రీ నియామకమూ యజమానికి అదనపు ఖర్చుగా కనిపిస్తుంది. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో చేసిన 183వ ఒప్పందం కనీసం 14 వారాల ప్రసూతి సెలవు, అంతకుముందు సంపాదనలో మూడింట రెండు వంతులకు తగ్గని భృతి ఇవ్వాలని చెబుతూనే, ఆ భృతిని సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో చెల్లించాలని, సాధారణంగా విడి యజమాని మీద నేరుగా వేయకూడదని కూడా చెప్పింది. సాటి యజమానులందరూ పంచుకున్న ఖర్చు ఒక్క ఉద్యోగి జీతం వెంట పడదు.

ఇప్పుడు దీనికి విరుద్ధంగా కనిపించే సంగతి. సంస్థలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కుటుంబ సౌకర్యాలు బాగా ఇచ్చే సంస్థలే తరచుగా జీతాలూ ఎక్కువ ఇస్తాయి. సౌకర్యాలకు జీతమే మూల్యమైతే ఇది ఎలా సాధ్యం?

లాభాలు బాగా ఉన్న సంస్థ రెండూ ఇవ్వగలదు. నైపుణ్యం ఉన్నవాళ్ల కోసం పోటీ పడే సంస్థకు రెండూ ఇవ్వక తప్పదు. జీతం తక్కువ ఉన్న ఉద్యోగాల్లో సౌకర్యాలూ తక్కువే. దుకాణంలో నిలబడి పనిచేసేవాళ్లకు, శుభ్రపరిచే పనివాళ్లకు అవి ఎక్కువ అవసరం, వాళ్లకే అవి దొరకవు. ఈ అన్యాయం గురించి ఎంత రాసినా చాలదు. ఇంకొకటి, నిర్వహణ బాగున్న సంస్థలు అన్నిటినీ కాస్త బాగానే చేస్తాయి. నికోలస్ బ్లూమ్, టోబియాస్ క్రెష్మర్, జాన్ వాన్ రీనెన్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీల తయారీ సంస్థలను పరిశీలించారు. కుటుంబ సౌకర్యాలున్న సంస్థల్లో ఉత్పాదకత ఎక్కువగా కనిపించింది. నిర్వహణ నాణ్యతను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం మాయమైంది. అంటే సౌకర్యాలు వాటంతట అవే ఉత్పాదకతను పెంచాయని చెప్పలేం, తగ్గించాయనీ చెప్పలేం.

దీన్నిబట్టి మీరు ఒక జాగ్రత్త తీసుకోవాలి. రెండో సంస్థ సుమారు పది శాతం తక్కువ ఇస్తోంది కాబట్టి ఆ పది శాతమూ సౌకర్యాల ధర అని అనుకోకండి. హోదా తేడా కావచ్చు, సంస్థ పరిమాణం కావచ్చు, మీ పాత జీతం చూసి మిమ్మల్ని వేతన శ్రేణిలో అడుగున పెట్టి ఉండవచ్చు. నా అనుభవంలో ఈ చివరి కారణమే ఎక్కువసార్లు నిజం. "ఈ హోదాకు వేతన శ్రేణి ఎంత? అందులో నన్ను ఎక్కడ ఉంచారు?" అని అడగండి. అడిగినందుకు సాధారణంగా ఎవరూ ఆఫర్ వెనక్కి తీసుకోరు.

సౌకర్యం తన ఖర్చును తానే రాబట్టుకునే సందర్భాలూ ఉన్నాయి. ఒక అనుభవజ్ఞుడు మానేస్తే కొత్తవాణ్ని వెతకాలి, నేర్పాలి, అతను కుదురుకునేదాకా పని నెమ్మదిస్తుంది. ఈ ఖర్చు ఏ పద్దులోనూ విడిగా కనిపించదు కాబట్టి యజమానులు దీన్ని తక్కువగా అంచనా వేస్తారు. అప్పట్లో యూట్యూబ్ అధిపతిగా ఉన్న సూసన్ వోజిస్కీ 2014లో ఒక సంగతి రాశారు. గూగుల్ 2007లో జీతంతో కూడిన ప్రసూతి సెలవును 12 వారాల నుంచి 18 వారాలకు పెంచాక, ఉద్యోగం మానేసే కొత్త తల్లుల శాతం సగానికి పడిపోయిందట. ఇలాంటి చోట సెలవు కోసం ఎవరి జీతమూ కోయనక్కరలేదు, ఆ డబ్బు నియామకాల ఖర్చులోంచే మిగులుతుంది.

అన్ని సౌకర్యాలనూ ఒకే గాటన కట్టకూడదు. జీతంతో వాటికున్న సంబంధం ఒకేలా ఉండదు.

నగదు ఖర్చయ్యేవి: జీతంతో కూడిన సెలవు, సంరక్షణ కేంద్రం, కుటుంబానికి ఆరోగ్య బీమా. వీటి భారం ఇందాక చెప్పినట్టు సిబ్బంది ఖర్చులోనే కలుస్తుంది, అందరి ఇంక్రిమెంట్ల మీదా పలుచగా పరుచుకుంటుంది.

సమయానికి సంబంధించినవి: ఇంటి నుంచి పని, వేళల్లో వెసులుబాటు. వీటికి సంస్థ చేతి నుంచి పోయే డబ్బు తక్కువ, కొన్నిసార్లు మిగులే. వీటి కోసం జీతం తగ్గిస్తామని ఎవరైనా అంటే ఎందుకని గట్టిగా అడగండి. అయితే పని స్వభావం ఇక్కడ ముఖ్యం. ఎప్పుడు పిలిచినా పలకాలి, ఒకరి బదులు మరొకరు చేయలేరు అన్న ఉద్యోగాల్లో ఎక్కువ గంటలు ఉండేవాళ్లకు జీతం గంటల నిష్పత్తిని మించి పెరుగుతుంది. క్లాడియా గోల్డిన్ ఏళ్ల తరబడి చూపించినది ఇదే. 2023లో ఆమెకు ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. అమెరికాలో ఔషధ నిపుణుల (ఫార్మసిస్టుల) వృత్తిని ఆమె, మరో ఆర్థికవేత్త లారెన్స్ కాట్జ్ కలిసి పరిశీలించారు. ఒకరి పనిని మరొకరు సులభంగా అందుకోగలిగేలా ఆ వృత్తి మారడంతో, తక్కువ గంటలు పనిచేసినందుకు గంట కూలిలో పెద్ద కోత లేకుండా పోయింది. అంటే వెసులుబాటు ధర ఉద్యోగి అవసరం మీద కాకుండా, పనిని ఎలా పంచారన్నదాని మీద ఆధారపడుతుంది. పనిని పంచడం యజమాని చేతిలోనే ఉంది.

గంటలు తగ్గించేవి: అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త అవసరమైంది ఇది. ఐదు రోజుల బదులు నాలుగు రోజులు, జీతం ఎనభై శాతం. కాగితం మీద న్యాయంగానే ఉంటుంది. నేను చూసిన ఒక ఉద్యోగిని విషయంలో రోజు తగ్గింది, జీతం తగ్గింది, లక్ష్యాలు మాత్రం తగ్గలేదు. ఆమె రాత్రిళ్లు కూర్చుని ఐదో రోజు పని కూడా చేసింది. నూరు శాతం పనికి ఎనభై శాతం జీతం అన్నమాట. మా బృందం గుర్తించి ఆమె లక్ష్యాలను కూడా అయిదో వంతు తగ్గించమంటే విభాగాధిపతి ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. తగ్గించిన గంటలకు ఎప్పుడైనా ఒప్పుకునేటప్పుడు తగ్గించిన లక్ష్యాలు కూడా రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక వాడుకున్నందుకు పడే కోత. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఆరు నెలల సెలవు తర్వాత ఒక ఉద్యోగి తిరిగి వచ్చింది అనుకుందాం. ఏడాది చివర పనితీరు మదింపులో మేనేజర్ ఆమెకు "సగటు" రాస్తాడు. దురుద్దేశం ఏమీ ఉండదు, "సగం ఏడాదే పనిచేసింది కదా, ఎక్కువ ఎలా ఇవ్వను?" అంటాడు. లేదా ఇంక్రిమెంటును సగానికి కోస్తారు. లేదా "ఈసారి వదిలేద్దాం, వచ్చే ఏడాది చూద్దాం" అంటారు. ఒక్క ఏడాదే కదా అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. జీతం 100, ఏటా 8 శాతం పెరుగుదల అనుకుంటే, ఒక్క ఇంక్రిమెంట్ తప్పినవాళ్ల జీతం ఆ తర్వాత ప్రతి ఏడాదీ తోటివాళ్ల కన్నా సుమారు 7.4 శాతం తక్కువగానే నడుస్తుంది. వచ్చే ఏడాది పూర్తి ఇంక్రిమెంట్ ఇచ్చినా ఆ అంతరం పూడదు, ఎందుకంటే మిగతావాళ్లకూ అదే ఇస్తారు. ఒక్క ఇంక్రిమెంట్ తప్పితే, మీరు ఇప్పుడు ఆందోళన పడుతున్న పది శాతంలో నాలుగింట మూడు వంతులు పోయినట్టే. దీని గురించి ఆఫర్ లెటర్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు.

ఇంటి నుంచి పని విషయంలోనూ ఇలాంటిదే జరుగుతుంది. చైనా ప్రయాణ సేవల సంస్థ సీట్రిప్‌లో బ్లూమ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 2015లో వెలువడింది. వారంలో నాలుగు రోజులు, తొమ్మిది నెలల పాటు ఇంటి నుంచి పనిచేసిన కాల్ సెంటర్ ఉద్యోగుల పనితీరు 13 శాతం మెరుగైంది. మానేసేవాళ్ల సంఖ్య సగానికి తగ్గింది. కానీ పనితీరు సమానంగా ఉన్నవాళ్లతో పోలిస్తే వాళ్లకు ప్రమోషన్లు తక్కువగా వచ్చాయి. ఎక్కువ పని చేశారు, కళ్లెదుట లేరు. అదే సంస్థలో తర్వాత 1,612 మందితో జరిగిన మరో ప్రయోగం ఫలితాలు 2024లో వచ్చాయి. ఈసారి వారంలో రెండు రోజులే ఇంటి నుంచి పని. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి, మదింపుల్లోనూ ప్రమోషన్లలోనూ తేడా కనిపించలేదు. మీ రెండో ఆఫర్‌లో ఉన్నది ఈ రెండు రోజుల పద్ధతే కాబట్టి, ఆ ఒక్క విషయంలో మీరు పెద్దగా భయపడనక్కరలేదని నా అభిప్రాయం. అయితే ఆ రెండు రోజులు బృందమంతా తీసుకుంటుందా, చిన్నపిల్లలున్నవాళ్లే తీసుకుంటారా అని కనుక్కోండి. అందరూ వాడే వెసులుబాటుకు శిక్ష ఉండదు, కొందరే వాడితే వాళ్లమీద ముద్ర పడుతుంది.

ఈ ముద్ర తల్లుల మీదే ఎందుకు ఎక్కువగా పడుతుందో కూడా చెప్పాలి. అన్ని విధాలా సమానమైన కల్పిత దరఖాస్తులతో సామాజికశాస్త్రవేత్త షెల్లీ కొరెల్, ఆమె సహపరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో, తల్లి అని తెలిసిన అభ్యర్థికి దరఖాస్తులు చూసినవాళ్లు తక్కువ ప్రారంభ జీతం సూచించారు. తండ్రి అని తెలిస్తే అలాంటి నష్టం లేదు. డెన్మార్క్ వంటి దేశంలో సెలవులూ, శిశు సంరక్షణా ఉదారంగానే ఉన్నాయి. అక్కడ కూడా మొదటి బిడ్డ పుట్టాక దీర్ఘకాలంలో స్త్రీల సంపాదన పురుషులతో పోలిస్తే సుమారు 20 శాతం వెనకబడుతోందని ఆర్థికవేత్త హెన్రిక్ క్లెవెన్ బృందం 2019లో చూపించింది. పనిలో కొనసాగకపోవడం, గంటలు తగ్గడం, గంట వేతనం తగ్గడం మూడూ ఇందులో ఉన్నాయి. సౌకర్యాలు మాత్రమే ఉంటే సరిపోదని దీనివల్ల తెలుస్తోంది.

అందుకే ఏ సంస్థకు సలహా ఇచ్చినా నేను తండ్రుల సెలవు గురించి గట్టిగా పట్టుబడతాను. తల్లిదండ్రులిద్దరికీ వర్తించే సెలవును స్వీడన్ 1974లోనే తెచ్చింది. అయినా దాదాపు అంతా తల్లులే వాడారు. 1995లో ఒక నెలను తండ్రి వాడకపోతే పోయేలా కేటాయించాకే తండ్రుల వాడకం స్పష్టంగా పెరిగింది. ఒక సంస్థలో నేను పనిచేస్తుండగా ఒక విభాగాధిపతి తనకు బాబు పుట్టినప్పుడు పూర్తి సెలవు తీసుకున్నారు. ఆ తర్వాత ఆ విభాగంలోని మగవాళ్లు సెలవు అడగడానికి జంకలేదు. అప్పటిదాకా అదే సెలవు అదే నిబంధనలతో ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. మగవాళ్లూ వాడుతుంటే, "సెలవు తీసుకునేవాళ్లు" అని విడిగా ఒక వర్గం ఉండదు. జీతంలో కోత పెట్టడానికి గురి దొరకదు.

పిల్లలు లేని సహోద్యోగుల మాట కూడా వినాలి. "వాళ్ల పిల్లల కోసం నా ఇంక్రిమెంట్ ఎందుకు తగ్గాలి?" అన్న ప్రశ్న నేను చాలాసార్లు విన్నాను. దాన్ని స్వార్థం అని కొట్టిపారేయలేను. మంచం పట్టిన తల్లిదండ్రులను చూసుకునేవాళ్లకు, అనారోగ్యంతో ఉన్న జీవిత భాగస్వామి ఉన్నవాళ్లకు కూడా అదే సెలవు, అదే వెసులుబాటు వర్తించేలా చేస్తే ఆ గొంతులు చాలావరకు నిమ్మళిస్తాయి. సెలవులో ఉన్నవాళ్ల పని తమ మీద పడిన సహోద్యోగులకు ఆ కాలానికి అదనపు భత్యం ఇవ్వడం కూడా న్యాయమే.

ఇప్పుడు మీ లెక్కకు వద్దాం. మీ అంకెలు నాకు తెలియవు కాబట్టి 100, 110 అనుకుందాం. అదనపు పది మీద పన్ను ఇరవై శాతం పోతే చేతికి వచ్చేది 8. బయట సంరక్షణ కేంద్రానికి 15 అవుతుంది, రెండో సంస్థలో 5 కడితే చాలు అనుకుంటే మీకు మిగిలేది 10. ఇప్పటికి రెండో ఆఫరే మెరుగు. అయితే పాప బడికి వెళ్లే నాటికి ఆ పది తగ్గిపోతుంది. జీతంలో తేడా మాత్రం తగ్గదు. ఏటా 8 శాతం పెరుగుదలతో అయిదేళ్లలో ఆ పది దాదాపు 15 అవుతుంది. పదవీ విరమణ నిధి, బోనస్ మూలవేతనంతో ముడిపడి ఉంటే అవీ తగ్గుతాయి. సౌకర్యం కొన్నేళ్లది, మూలవేతనం ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం. ఈ తేడాను చాలామంది గమనించరు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. వెసులుబాటు లేని ఉద్యోగంలో పాప పదే పదే జబ్బుపడితే, చూసుకునేవాళ్లు దొరక్కపోతే, మీరో మీ భాగస్వామో ఉద్యోగమే మానేయాల్సి రావచ్చు. రెండేళ్లు మానేస్తే పోయేది పది కాదు, రెండు వందలకు పైనే. తిరిగి చేరేటప్పుడు జీతం పాత స్థాయిలో దొరకడమూ కష్టం. ఆ ప్రమాదం మీ ఇంట్లో ఎంత ఉందో మీకే తెలుసు. అండగా నిలిచే పెద్దలు, నమ్మకమైన సంరక్షణ, భాగస్వామికి వెసులుబాటు ఉన్న ఉద్యోగం, ఇవేవీ లేకపోతే రెండో ఆఫర్ విలువను నా లెక్కలో కన్నా చాలా ఎక్కువగా వేసుకోండి.

సంతకం చేసేముందు రెండో సంస్థను ఇవి అడగండి. దీర్ఘ సెలవులో ఉన్న ఏడాదికి పనితీరు మదింపు ఎలా చేస్తారు? నేను ఒక సంస్థలో పెట్టించిన నియమం ఇది: అంతకుముందు ఏడాది మదింపు లేదా బృందం సగటు ఇంక్రిమెంట్, ఏది ఎక్కువైతే అది. ఇలాంటి నియమం రాతలో ఉంటే అది మంచి సంస్థ అనడానికి బలమైన గుర్తు. "మేనేజర్ చూసుకుంటారు" అంటే మీ జీతం మేనేజర్ మనసు మీద ఆధారపడినట్టు. సెలవు నుంచి వచ్చాక అదే హోదా, అదే స్థాయి పని గ్యారంటీగా ఇస్తారా? గత రెండేళ్లలో సెలవు తీసుకున్నవాళ్లలో ప్రమోషన్ వచ్చినవాళ్లు ఉన్నారా, మగవాళ్లు సెలవు తీసుకున్నారా? సంరక్షణ కేంద్రంలో ఇప్పుడు ఖాళీ ఉందా, వరుసలో ఎందరున్నారు? ఖాళీ లేని సంరక్షణ కేంద్రం మీకు సున్నాతో సమానం. హెచ్‌ఆర్ చెప్పినదాన్ని, వీలైతే అక్కడే పనిచేసే ఒక తల్లినో తండ్రినో పలకరించి సరిచూసుకోండి.

మొదటి సంస్థను కూడా ఒక మాట అడగండి. సంరక్షణ కేంద్రం కట్టించమని అడగలేరు, కానీ వారంలో ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని, లేదా నిర్ణీత వేళల్లో బయల్దేరే వీలు అడగవచ్చు. వాళ్లకు డబ్బు ఖర్చులేని పని అది. ఇస్తే ఆఫర్ లెటర్‌లోనే రాయమనండి, నోటిమాట మేనేజర్ మారగానే చెల్లదు.

చిన్న సంస్థల విషయంలో ఒక మినహాయింపు చెప్పాలి. ఇరవై ముప్పై మంది ఉన్నచోట రాతపూర్వక నియమాలు ఉండకపోవచ్చు, అంతమాత్రాన వాళ్లు చెడ్డవాళ్లు కారు. అక్కడ అధిపతి స్వయంగా ఎలా నడుచుకుంటారన్నదే నియమం. అలాగే మీ వృత్తికి ఇప్పుడు గిరాకీ బాగా ఉంటే, జీతం, సౌకర్యం రెండూ అడిగే స్థితిలో మీరున్నారు, ఒకటి కోసం మరొకటి వదులుకోనక్కరలేదు.

నేనైతే మీ స్థానంలో రెండో సంస్థను ముందుగా వేతన శ్రేణి చూపించమని అడిగి, తేడాను అయిదు శాతానికి తగ్గించమంటాను. మదింపు నియమం రాతలో ఉండి, సంరక్షణ కేంద్రంలో చోటు ఖాయమైతే అందులోనే చేరతాను. ఆ రెండింటికీ సమాధానం డొంకతిరుగుడుగా వస్తే మొదటిదానిలో చేరి, అదనపు జీతంతో బయట మంచి సంరక్షణ చూసుకుంటాను. పన్ను పోగా చేతికొచ్చే మొత్తం, మీ ప్రాంతంలో శిశు సంరక్షణ ఖర్చు, రెండు సంస్థల్లో ఇంక్రిమెంట్ సగటు ఇక్కడ రాస్తే, అయిదేళ్లకు లెక్క వేసి చెబుతాను.